మీ ఊరి పేరు చుక్క పక్కకు చేరే ముందు: కొత్త డొమైన్ల విధానంలో స్థలనామాలను కాపాడుకునే పద్ధతి

2012లో అమెజాన్ కంపెనీ 'డాట్ అమెజాన్' తనకు కావాలని ఐకాన్‌కు దరఖాస్తు పెట్టింది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థే ఐకాన్. బ్రెజిల్, పెరూ వెంటనే అభ్యంతరం చెప్పాయి. అమెజాన్ అంటే తమ నది, తమ అడవి, అక్కడ బతికే జనం అన్నాయి. ఎనిమిదేళ్ల వాదన తర్వాత, 2020లో ఆ డొమైన్ కంపెనీకే దక్కింది. ఇందులో అన్నిటికన్నా మనకు ఎక్కువ పనికొచ్చే విషయం ఒకటుంది. ఐకాన్ రక్షించే స్థలనామాల జాబితాల్లో నదుల పేర్లు లేవు. రేపు ఎవరైనా డాట్ గోదావరి అడిగినా, డాట్ నల్లమల అడిగినా ఏ జాబితా దానంతటది అడ్డుపడదు. ఎవరో ఒకరు గమనించి, సరైన గడువులో, సరైన చోట, సరైన కాగితం పెట్టాలి.

ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. మున్సిపాలిటీలో పనిచేసేవారికి, చేనేత సహకార సంఘాలకు, ఊరి చరిత్ర మీద పనిచేసే మిత్రులకు, విదేశాల్లో ఉండి సొంత జిల్లా పేరు మీద మమకారం చావని తెలుగువారికి ఇది పనికొస్తుందని నా నమ్మకం. ఇలాంటి కొత్త డొమైన్ల కోసం తర్వాతి రౌండ్ దరఖాస్తుల గడువును 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు ఐకాన్ ఖరారు చేసింది. ఒక్కో దరఖాస్తుకు రుసుము 2,27,000 డాలర్లు. 2012లో అది 1,85,000 డాలర్లు, అప్పుడు వచ్చిన దరఖాస్తులు 1,930.

మొదటి అడుగు: పేరు చుక్కకు ఏ పక్కన ఉందో చూడండి

డొమైన్ పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే భాగం పై స్థాయి: కామ్, ఇన్, లండన్, బెర్లిన్ లాంటివి. దానికి ముందున్న భాగం రెండో స్థాయి. పై స్థాయిలో 'వరంగల్' కావాలంటే ఐకాన్‌కు దరఖాస్తు పెట్టాలి, లక్షల డాలర్లు ఖర్చు పెట్టాలి, ఏళ్ల తరబడి ఆగాలి. రెండో స్థాయిలో 'వరంగల్ డాట్ ఏదో ఒకటి' కావాలంటే ఎవరైనా ఐదు నిమిషాల్లో కొనుక్కోవచ్చు.

ఈ రెండింటికీ నియమాలు వేరు, తలుపు తట్టాల్సిన ఆఫీసులు వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎవరో తమ పట్టణం పేరుతో వెబ్‌సైట్ పెట్టారని ఐకాన్‌కు ఫిర్యాదు రాస్తారు, జవాబు రాక నిరాశపడతారు. మీ సమస్య రెండో స్థాయిదైతే నేరుగా ఆరో అడుగుకు వెళ్లండి.

రెండో అడుగు: మీ పేరు ఏ జాబితాలో ఉందో తేల్చుకోండి

అన్నిటికన్నా ఓపికగా చేయాల్సిన పని ఇదే. 2012 దరఖాస్తుదారుల మార్గదర్శిలో స్థలనామాలకు పెట్టిన చట్రం చాలావరకు ఇప్పటికీ నిలిచే ఉంది. స్థలనామాల నియమాలను తిరగదోడడానికి 2017లో 'వర్క్ ట్రాక్ 5' అనే బృందం ఏర్పడింది. ప్రభుత్వాల వాళ్లు, కంపెనీల వాళ్లు, పౌర సంస్థల వాళ్లు రెండేళ్లు వాదించుకుని 2019లో నివేదిక ఇచ్చారు. పాత నియమాలను పెద్దగా కదపకుండా ఉంచడం మీదే చివరికి ఏకాభిప్రాయం కుదిరింది.

దేశాల పేర్లు ఎవరికీ ఇవ్వరు. పూర్తి పేరు, పొట్టి పేరు, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఇచ్చిన మూడక్షరాల కోడ్, ఏ భాషలో అనువాదమైనా సరే ఇవ్వరు. రెండు ఇంగ్లీషు అక్షరాలవి దేశాల కోడ్‌ల కోసమే పక్కన పెట్టారు. మన 'డాట్ ఇన్' అలా వచ్చిందే. తెలుగులో ఉన్న 'డాట్ భారత్' కూడా దేశానికి కేటాయించిన కోటాలోనే వచ్చింది.

దేశ రాజధాని పేరు ఏ భాషలో అడిగినా సంబంధిత ప్రభుత్వం మద్దతు లేఖ, లేదా కనీసం అభ్యంతరం లేదన్న లేఖ ఉండాలి. ఇక్కడ రాజధాని అంటే దేశ రాజధాని. హైదరాబాద్, అమరావతి రాష్ట్రాల రాజధానులు కాబట్టి ఈ గొడుగు కిందికి రావు.

రాష్ట్రాలు, ప్రావిన్సుల లాంటి వాటికి ఐఎస్‌ఓ 3166-2 అనే జాబితా ఉంది. అందులోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలే పేరు ఎవరైనా అడిగితే ప్రభుత్వ లేఖ తప్పనిసరి. ఈ నియమం ఎంత గట్టిదో మన దేశపు కంపెనీకే అనుభవమైంది. టాటా గ్రూపు 'డాట్ టాటా' అడిగితే, మొరాకోలో టాటా అనే ప్రావిన్సు ఉందని తేలింది. వందేళ్లు దాటిన వ్యాపార పేరు అయినా, మొరాకో ప్రభుత్వ సమ్మతి తేలక ఆ దరఖాస్తు ముందుకు కదల్లేదు.

ఇదే జాబితాను మన వైపు తిప్పి చూడండి. భారతదేశం కింద అందులో ఉన్నవి రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు మాత్రమే. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో 'తెలంగాణ' అడిగితే లేఖ కావాలి. ఒట్టి 'ఆంధ్ర' జాబితాలో లేదు, ఉన్నది 'ఆంధ్రప్రదేశ్'. రాయలసీమ, కోనసీమ, ఉత్తరాంధ్ర, పల్నాడు లేవు. మన జిల్లాలేవీ లేవు.

నగరాలది మరీ చిక్కు వ్యవహారం. నగరం పేరు అడిగినవాళ్లు దాన్ని ప్రధానంగా ఆ నగరానికి సంబంధించిన పనులకే వాడతామని దరఖాస్తులో చెప్పుకుంటే తప్ప లేఖ అడగరు. ఎవరైనా 'డాట్ నెల్లూరు' అడిగి, ఇది మా బియ్యం బ్రాండు, ఊరితో సంబంధం లేదు అంటే లేఖ లేకుండానే ముందుకు పోవచ్చు. పైగా ఒకే పేరున్న ఊళ్లు ఉంటాయి. హైదరాబాద్ సింధ్‌లో కూడా ఉంది. మన అమరావతిని, మహారాష్ట్ర అమరావతిని ఇంగ్లీషులో రాస్తే ఒక్క అక్షరమే తేడా.

ఖండాలు, యునెస్కో ప్రాంతాల పేర్లకు ఆ ప్రాంతంలోని కనీసం 60 శాతం ప్రభుత్వాల మద్దతు కావాలి. మనకు దీనితో పెద్దగా పనిలేదు.

ఇవి దాటితే మిగిలినదంతా ఖాళీ మైదానం. నదులు, కొండలు, లోయలు, పుణ్యక్షేత్రాలు, చీరల పేర్లుగా మారిన ఊళ్లు. వర్క్ ట్రాక్ 5లో వీటికి కూడా ముందస్తు రక్షణ కావాలని కొందరు గట్టిగానే అడిగారు, ఏకాభిప్రాయం రాలేదు. మీ పేరు పైన చెప్పిన ఏ గదిలో పడుతుందో, లేక ఖాళీ మైదానంలో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత చేయాల్సిందంతా దాని మీదే ఆధారపడుతుంది.

మూడో అడుగు: పేరుకున్న రూపాలన్నీ పోగుచేయండి

'అక్షరం పొల్లుపోకుండా' అన్న మాట మన ఊళ్లకు పెద్ద ఇబ్బంది. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, పాత రికార్డుల్లో వాల్తేరు. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, కానీ జనం నోట్లో రెండూ నడుస్తున్నాయి. విజయవాడకు బెజవాడ ఉంది. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది, బ్రిటిష్ కాలపు స్పెల్లింగు ఇప్పటికీ పాత పత్రాల్లో కనిపిస్తుంది. నగరాల విషయంలో ఐకాన్ చూసేది నగర అధికారిక పత్రాల్లో ఉన్న పేరును. అందుకే మున్సిపల్ కార్పొరేషన్ ముద్ర, గెజిట్, పేరు మార్చిన జీవో, వీటి నకళ్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. అవసరం పడిన రోజున వెతుక్కుంటే టెన్షనే మిగులుతుంది.

తరువాత తెలుగు లిపిలో రూపాలు. పై స్థాయి డొమైన్‌లో ఏ లిపిలో ఏ అక్షరాలు వాడవచ్చో చెప్పే నియమావళి ఉంది. దాంట్లో తెలుగు భాగాన్ని నియో బ్రాహ్మీ ప్యానెల్ అనే నిపుణుల బృందం మొత్తం తొమ్మిది భారతీయ లిపుల పనిలో భాగంగా తయారుచేసింది. అందులో తెలుగువాళ్లు తెలుసుకోవాల్సినవి రెండు సంగతులు. ఒకటి, మన గ, జ, ర, ల లాంటి అక్షరాలు కన్నడంలో దాదాపు అలాగే కనిపిస్తాయి. అందుకే ఈ రెండు లిపుల్లో చూపుకు ఒకేలా ఉండే పేర్లను ఒకే పేరుకు రూపాంతరాలుగా లెక్కేస్తారు. ఒకరికి ఒకటి ఇస్తే రెండోది మరొకరికి ఇవ్వరు. ఇది మంచి రక్షణ. రెండోది కాస్త బాధ కలిగించేది. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం టైపు చేసేటప్పుడు పెట్టే కనిపించని గుర్తుకు పై స్థాయిలో అనుమతి లేదు. కాబట్టి 'మహబూబ్‌నగర్' అని రాయలేం, 'మహబూబ్నగర్' అనే రాయాలి. కరీంనగర్, ఖమ్మం, గుంటూరు లాంటివాటికి ఈ ఇబ్బంది లేదు. మీ ఊరి పేరు ఎలా కనిపిస్తుందో ఒకసారి టైపు చేసి చూసుకోండి, రెండు రూపాలూ జాబితాలో చేర్చండి.

నాలుగో అడుగు: సంతకం ఎవరిదో ముందే తేల్చండి

ప్రభుత్వ మద్దతు లేఖ అంటే ఏదో ఒక అధికారి లెటర్‌హెడ్ కాదు. ఏ పేరు అడుగుతున్నారో, దేనికి వాడబోతున్నారో తమకు తెలుసని లేఖలో ఉండాలి. మద్దతు ఇస్తున్నారా, అభ్యంతరం లేదంటున్నారా అన్నది స్పష్టంగా ఉండాలి. సంతకం చేసే వ్యక్తికి ఆ అధికారం ఉండాలి. నగరమైతే స్థానిక సంస్థ, రాష్ట్రమైతే రాష్ట్ర ప్రభుత్వం, ఐకాన్ ముందు దేశం తరఫున మాట్లాడేది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ. ఈ మూడు స్థాయుల్లో ఒకరు ఇచ్చిన లేఖ మరొకరికి తెలియకపోతే ఏం జరుగుతుందో 'డాట్ ఆఫ్రికా' చెబుతుంది.

డాట్‌కనెక్ట్‌ఆఫ్రికా అనే సంస్థకు 2009లో ఆఫ్రికన్ యూనియన్ కమిషన్ మద్దతు లేఖ ఇచ్చింది. 2010లో వెనక్కి తీసుకుంది. తర్వాత దక్షిణాఫ్రికాకు చెందిన మరో సంస్థ వెనుక నిలబడింది. మొదటి సంస్థ ఊరుకోలేదు. ఐకాన్ నిర్ణయాలను బయటి మధ్యవర్తుల ప్యానెల్ పరిశీలించే స్వతంత్ర సమీక్షకు వెళ్లింది, 2015లో గెలిచింది, తర్వాత కాలిఫోర్నియా కోర్టుకూ వెళ్లింది. ఆ డొమైన్ 2017 దాకా వాడకంలోకి రాలేదు. తొందరపడి ఇచ్చిన ఒక్క లేఖకు ఒక ఖండం ఇన్నేళ్లు ఎదురుచూసింది.

అందుకే మీ కార్పొరేషన్‌లోనో, జిల్లా యంత్రాంగంలోనో మీ మాట చెల్లుబాటయ్యేలా ఉంటే రెండు విషయాలు అడగండి. మొదటిది, డొమైన్ల మద్దతు లేఖలు ఎవరిస్తారో ఒక ఉత్తర్వులో రాసి ఉంచమనండి. రెండోది, షరతులు లేకుండా లేఖ ఇవ్వొద్దనండి. షరతులు పెట్టే హక్కు ప్రభుత్వాలకు ఉందని ఐకాన్ నియమాలే చెబుతున్నాయి. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, ఆలయాలు, చారిత్రక కట్టడాల పేర్లు ముందే పక్కన పెట్టాలి. తెలుగు లిపిలో పేర్లు తీసుకునే వీలుండాలి. నిర్వహణ సంస్థ చేతులు మారితే ప్రభుత్వానికి ముందు చెప్పాలి. ఇవన్నీ దరఖాస్తుదారుతో ఒప్పందంలో రాసుకోవచ్చు. లేఖ ఇచ్చిన ప్రభుత్వానికీ నిర్వాహకుడికీ గొడవ వస్తే, ఆ ప్రభుత్వ పరిధిలోని కోర్టు ఇచ్చిన ఉత్తర్వును ఐకాన్ పాటించవచ్చు. అంటే మన హైకోర్టు మాట అక్కడ చెల్లే అవకాశం ఉంది. ఒప్పందం కాగితం మీద లేకపోతే కోర్టుకు చూపించడానికి ఏమీ ఉండదు.

ఐదో అడుగు: దరఖాస్తులు బయటపెట్టిన రోజు నుంచి కాపలా కాయండి

గడువు ముగిసి పరిశీలన అయ్యాక ఎవరు ఏ పేరు అడిగారో ఐకాన్ జాబితా ప్రకటిస్తుంది. మూడో అడుగులో రాసుకున్న రూపాలన్నిటినీ ఆ జాబితాలో వెతకండి. మీ పేరు కనిపిస్తే నాలుగు దారులున్నాయి.

బహిరంగ వ్యాఖ్య అన్నిటికన్నా సులువు. ఖర్చు లేదు, ఎవరైనా రాయవచ్చు. కోపం కాదు, వాస్తవాలు రాయండి: ఆ పేరు ఏ స్థలానిది, ఎంతమంది వాడతారు, దరఖాస్తులో ఆ స్థలం ప్రస్తావన ఉందా లేదా. ముఖ్యంగా నగరం పేరైతే, దరఖాస్తుదారు మాటల్లోనే నగరానికి సంబంధించిన వాడకం కనిపించే వాక్యాలను ఎత్తి చూపండి. ఆ ఒక్క వాక్యంతో లేఖ తప్పనిసరి కావచ్చు.

రెండోది ముందస్తు హెచ్చరిక. ఐకాన్‌లో ప్రభుత్వాల సలహా సంఘం ఉంది. అందులోని ఏ దేశమైనా దరఖాస్తు మీద తన ఆందోళనను తెలపవచ్చు. 2012 నవంబరులో బ్రెజిల్, పెరూ అమెజాన్ మీద చేసింది ఇదే. పౌరులు నేరుగా పంపలేరు. మన ఐటీ మంత్రిత్వ శాఖకు రాయాలి, ఎంపీ ద్వారా పంపితే బరువు ఉంటుంది. ఈ హెచ్చరిక దరఖాస్తును ఆపదు, కానీ చాలామంది వెనక్కి తగ్గుతారు. దుస్తుల కంపెనీ పటగోనియా తన దరఖాస్తును అర్జెంటీనా, చిలీ అభ్యంతరాల తర్వాత 2013లో వెనక్కి తీసుకుంది.

మూడోది ఆ సలహా సంఘం ఏకాభిప్రాయంతో ఇచ్చే సలహా. అమెజాన్ కథలో అసలు పాఠం ఇక్కడే ఉంది. మొదట్లో అమెరికా ఒప్పుకోలేదు. 2013 జులైలో డర్బన్ సమావేశానికి ముందు తటస్థంగా ఉంటామంది. దాంతో ఏకాభిప్రాయం కుదిరింది, 2014లో ఐకాన్ బోర్డు దరఖాస్తును తిరస్కరించింది. ఆ దేశాలు గెలిచాయనే అందరూ అనుకున్నారు. కంపెనీ స్వతంత్ర సమీక్షకు వెళ్లింది. 2017లో ప్యానెల్ కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వాలు వద్దన్నాయి అన్నంత మాత్రాన సరిపోదని, ఆ డొమైన్ ఇస్తే ప్రజాహితానికి ఏం నష్టమో బోర్డు సొంతంగా పరిశీలించాల్సిందని ప్యానెల్ అంది. అలాంటి గట్టి కారణం రికార్డులో దానికి కనిపించలేదు. తర్వాత ఎనిమిది అమెజాన్ దేశాల సంస్థతో సంప్రదింపులు సాగాయి, ఒప్పందం కుదరలేదు. చివరికి ఆ దేశాలకు కొన్ని పేర్లు కేటాయిస్తామని, సాంస్కృతికంగా ముఖ్యమైనవి వాడబోమని కంపెనీ ఇచ్చిన హామీలతో డొమైన్ దానికే వెళ్లింది.

ఇది చదివినప్పుడల్లా నాకు గోదావరే గుర్తొస్తుంది. మనకు అది తల్లి అని రాస్తే మన మనసుకు తృప్తి, కానీ ప్యానెల్‌కు అది సాక్ష్యం కాదు. నష్టం రాయాలి. పుష్కరాల సమాచారం, వరద హెచ్చరికలు, పర్యాటక బుకింగ్‌లు ఆ పేరుతో వెతికే జనం ఒక ప్రైవేటు గేటు ముందు ఆగిపోతే ఎవరికి ఏ ఇబ్బందో, ఎలాంటి మోసాలకు వీలుందో అంశాలవారీగా రాయాలి. మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి ఒకే మాట చెబితే దాని బలం వేరు.

నాలుగోది అధికారిక అభ్యంతరం. ఇది ఖర్చుతో కూడిన వ్యాజ్యం. స్థలనామాలకు పనికొచ్చేది 'సమూహ అభ్యంతరం'. మీరు స్పష్టంగా గుర్తించగల సమూహానికి చెందిన సంస్థ అయి ఉండాలి. ఆ సమూహంలో గణనీయమైన వ్యతిరేకత, ఆ పేరుకూ సమూహానికీ గట్టి సంబంధం, జరగబోయే నష్టం, మూడూ రుజువు చేయాలి. వ్యక్తిగా వేస్తే నిలవదు. రిజిస్టరైన సంఘం ద్వారా, తీర్మానాలతో, సభ్యుల సంఖ్యతో వెళ్లండి.

ఆరో అడుగు: రెండో స్థాయిలో ఎవరి ఇల్లు వాళ్లే కాపాడుకోవాలి

కొత్త పై స్థాయి డొమైన్ల నిర్వాహకులు రెండో స్థాయిలో దేశాల పేర్లను పక్కన పెట్టాలని ఒప్పందంలో ఉంది. ఊళ్లకు, రాష్ట్రాలకు అలాంటి రక్షణ లేదు. వివాదం వస్తే వాడే యూడీఆర్‌పీ అనే పద్ధతి ట్రేడ్‌మార్కుల కోసం పుట్టింది. ఒట్టి స్థలనామం ట్రేడ్‌మార్కు కాదు. బార్సిలోనా నగర పాలక మండలి 'బార్సిలోనా డాట్ కామ్' కోసం 2000లో ఈ పద్ధతిలో గెలిచింది, 2003లో అమెరికా అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. న్యూజిలాండ్ ప్రభుత్వం దేశం పేరుతో ఉన్న డాట్ కామ్ కోసం 2002లో వాదించి ఓడింది, మరుసటి ఏడాది డబ్బు పెట్టి కొనుక్కుంది.

మన ట్రేడ్‌మార్కుల చట్టం కూడా ఒట్టి స్థలాన్ని సూచించే మాటను మామూలుగా రిజిస్టరు చేయదు. అయితే 'డాట్ ఇన్' వివాదాల విధానంలో ఒక చిన్న సందు ఉంది. దాంట్లో ట్రేడ్‌మార్కుతో పాటు 'పేరు' అన్న మాట కూడా ఉంది. ఆ పేరు మీద తమకు హక్కుందని చూపగలిగిన సంస్థ ఫిర్యాదు చేయవచ్చు, మధ్యవర్తి తీర్పు చెబుతారు. దేవస్థానం, మున్సిపాలిటీ, విశ్వవిద్యాలయం లాంటి వాటికి ఇది మంచి దారి. ప్రభుత్వ ఆదరణ ఉన్నట్టు భ్రమ కలిగించే పేర్ల మీద 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కూడా ఉంది.

చేనేత, పంటలు, తినుబండారాల పేర్లు మరో లెక్క. పోచంపల్లి ఇకత్, తిరుపతి లడ్డు, హైదరాబాదీ హలీమ్, బంగినపల్లి మామిడి, అరకు కాఫీ, వీటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. కానీ ఆ గుర్తింపు ఒక్కటే యూడీఆర్‌పీలో చెల్లదు. షాంపేన్ ఉత్పత్తిదారుల సంఘం అంతటిది 2011లో 'షాంపేన్ డాట్ కో' కేసు ఓడిపోయింది. కాబట్టి సంఘం తన లోగోను, పేరును కలిపి సామూహిక ట్రేడ్‌మార్కుగా కూడా రిజిస్టరు చేయించుకోవాలి. అప్పుడు కొత్త డొమైన్లు మొదలయ్యేటప్పుడు ట్రేడ్‌మార్కు ఉన్నవారికి ముందుగా తెరిచే గడువులో పేరు తీసుకోవచ్చు. నేను చూసినంతలో మన సంఘాలు భౌగోళిక గుర్తింపు పత్రం ఫ్రేము కట్టించి గోడకు పెట్టి, అక్కడితో ఆగిపోతున్నాయి. ఈ రెండో కాగితం కూడా తెచ్చుకోండి.

ఏడో అడుగు: అసలు చిరునామా ఏదో జనానికి తెలిసేలా చేయండి

ప్రభుత్వ సంస్థలకు 'గవ్ డాట్ ఇన్' కింద పేరు దొరుకుతుంది, బయటివారికి దొరకదు. స్థానిక సంస్థ వెబ్‌సైట్ అక్కడే ఉండాలి. తిరుమల దర్శనాల పేరుతో నకిలీ సైట్లు పుట్టుకొస్తుంటే టీటీడీ పదేపదే భక్తులను హెచ్చరించాల్సి వచ్చింది, తన అధికారిక సైటును ఏపీ గవ్ డాట్ ఇన్ కిందే నడుపుతోంది. ఒకే చిరునామా పెట్టుకుని, రసీదుల మీద, బోర్డుల మీద, బస్టాండులో అదే రాయండి. ఎక్కువగా తప్పు టైపు చేసే మూడు నాలుగు రూపాలను కూడా కొని అసలు సైటుకు మళ్లించండి. ఏటా పునరుద్ధరణ గుర్తు పెట్టుకోండి. వదిలేసిన పాత డొమైన్‌ను వేరెవరో తీసుకుంటే, పాత లింకులు నమ్మి వచ్చిన జనమే మోసపోతారు.

ఎనిమిదో అడుగు: తర్వాతి నియమాలు రాసేచోట కూర్చోండి

ఐకాన్ విధానాల మీద బహిరంగ వ్యాఖ్యలు ఏడాది పొడవునా నడుస్తుంటాయి. సామాన్య వినియోగదారుల తరఫున మాట్లాడే 'ఎట్ లార్జ్' విభాగానికి ఆసియా పసిఫిక్ శాఖ ఉంది. రిజిస్టరైన సంఘాలు అందులో సభ్యత్వం తీసుకోవచ్చు, వ్యక్తులుగా కూడా చేరవచ్చు, రుసుము లేదు. జిల్లా చరిత్ర పరిషత్తు అయినా, అమెరికాలోని తెలుగు సంఘం అయినా ఒక్కరిని ఈ పనికి కేటాయిస్తే చాలు. వారు మొదట చేయాల్సింది, మూడో అడుగులో పోగుచేసిన పేర్ల జాబితాను ఐటీ మంత్రిత్వ శాఖకు, రాష్ట్ర ఐటీ శాఖకు, స్థానిక సంస్థకు ఒకే రోజున పంపి, మూడు చోట్లా అందినట్టు రసీదు తీసుకోవడం.